చేసి చూస్తేనే చదువు
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

రాత్రి తొమ్మిదైంది. వంటిల్లు సర్దుకుని, పాలు తోడుపెట్టి, హమ్మయ్య అని నడుం వాల్చబోతుంటే, మూడో తరగతి చదివే సుపుత్రుడు నెమ్మదిగా వచ్చి, "అమ్మా! రేపు సైన్సు ప్రాజెక్టు తెమ్మన్నారు. అగ్నిపర్వతం చెయ్యాలట" అంటాడు. "ఎప్పుడు చెప్పార్రా?" అంటే, "సోమవారం" అంటాడు. ఈవేళ గురువారం!

ఈ సంభాషణ జరగని ఇల్లు మన పట్టణాల్లో వుందంటే నేను నమ్మను. తర్వాత జరిగేదీ మనకు తెలిసిందే. నాన్నగారు చొక్కా తగిలించుకుని కొట్టుకు పరుగెత్తుతారు. సగం తలుపులు మూసేసిన కొట్టాయన్ను బతిమాలి థర్మోకోలు షీటు, రంగులు, జిగురు తెస్తారు. అమ్మ కూర్చుని పర్వతం నిర్మిస్తుంది. పిల్లవాడు ఆ పక్కనే కుర్చీలో ముడుచుకుని నిద్రపోతాడు. మర్నాడు ఆ పర్వతం ఆటోలో, ఒళ్లో కూర్చుని, జాగ్రత్తగా బడికి వెళుతుంది. పదికి తొమ్మిది మార్కులు వస్తాయి. ఎవరికి వచ్చాయంటారు? అమ్మకూ నాన్నకూ!

నవ్వుకుంటున్నారు కదూ? నేనూ నవ్వుకునేదాన్నే. కాని నేను ఇరవై ఎనిమిదేళ్లు ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా పనిచేశాను. అటు పర్వతాలు చేసిన తల్లినీ నేనే, ఇటు పర్వతాలకు మార్కులు వేసిన టీచర్నీ నేనే. అందుకని, ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదివే పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకునే పనులు ఎలాంటివి, వాటిని ఎక్కడ వెతుక్కోవాలి, మంచివేవో ఎలా గుర్తుపట్టాలి అన్న సంగతి మీతో నాలుగు మాటలు ముచ్చటిద్దామని వచ్చాను.

ఈమధ్య బళ్ల ప్రకటనల్లో 'స్టెమ్' అనే మాట చూస్తున్నారు కదా! సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. మాట పెద్దదే గాని విషయం చిన్నదే. ఒక వస్తువు ఎందుకలా వుందో గమనించడం, దాన్ని కొలవడం, దానితో పనికొచ్చేదేదో తయారు చెయ్యడం. ఈ పని మన వంటిళ్లలో తరతరాలుగా జరుగుతూనే వుంది. కాకపోతే మనం దానికి సైన్సు అని పేరు పెట్టుకోలేదు, అంతే.

ఒక ఉదాహరణ చెబుతాను. తెల్ల చొక్కా మీద పులుసు ఒలికి పసుపు మరక పడిందనుకోండి. సబ్బు రాయగానే ఆ పసుపు మరక ఎర్రగా మారుతుంది. కొత్త కోడళ్లు దీన్ని చూసి మొదటిసారి హడలిపోతారు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రనీళ్లవుతాయి, దిష్టి తీస్తాం. ఈ మూడూ ఒకటే సంగతి. సబ్బు, సున్నం క్షారాలు. క్షారం తగిలితే పసుపు ఎర్రబారుతుంది. ఆమ్లం తగిలితే మళ్లీ పచ్చబడుతుంది.

దీన్ని నలభైమంది పిల్లల చేత చేయించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు చెంచాల పసుపు నీళ్లతో ముద్దచేసి తెల్లకాగితం మీద పల్చగా పూసి, నీడన ఆరబెట్టి, వేలెడు ముక్కలుగా కత్తిరించి పిల్లలకు తలా నాలుగు ఇస్తే సరి. సబ్బు నీళ్లు, నిమ్మరసం, చింతపండు రసం, మజ్జిగ, ఉప్పు నీళ్లు చిన్న చిన్న గిన్నెల్లో పెట్టాలి. కాగితం ముంచే ముందు, "ఏది ఎర్రబరుస్తుందో చెప్పండి" అని అడగాలి. పిల్లలు తలో మాటా చెబుతారు. ఆ మాటలు బోర్డు మీద రాయాలి. అప్పుడు ముంచి చూడాలి. సబ్బు నీళ్లలో ఎర్రబడిన కాగితం మీద నిమ్మచుక్క వేయిస్తే అది మళ్లీ పచ్చబడుతుంది. అప్పుడు ఆ పిల్లల కేరింతలు వినాలి మీరు! మర్నాడు మందార పువ్వు రేకలు నానబెట్టిన నీళ్లతో ఇదే చేయిస్తే, నిమ్మరసానికి ఎర్రబడి, సబ్బుకు ఆకుపచ్చగా మారుతుంది. పసుపుకూ మందారకూ తేడా ఏమిటో పిల్లలే చెబుతారు.

ఇదంతా నాకు మొదటినుంచీ తెలిసిన విద్య అనుకోకండి సుమా! నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. దాచుకుంటే ఈ ప్రసంగానికి అర్థం వుండదు.

నా ఉద్యోగం మొదట్లో అయిదో తరగతికి గాలి పాఠం చెప్పాను. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించాను. దీపం ఆరిపోయింది, గ్లాసులోకి నీళ్లు ఎగబాకాయి. "చూశారా పిల్లలూ! గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. దాన్ని దీపం వాడేసుకుంది. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి" అని చెప్పాను. నాకూ మా టీచరుగారు అలాగే చెప్పారు. పుస్తకాల్లోనూ అలాగే చదువుకున్నాను.

మర్నాడు ఒక పాప లేచి నిలబడింది. నూనె జడలు వేసుకుని, చివరి బెంచీలో కూర్చునే పిల్ల. "టీచర్! మా అమ్మ దగ్గరుండి వెలిగించి ఇచ్చింది. ఇంట్లో మూడు కొవ్వొత్తులు పెట్టి చేశాను. నీళ్లు ఇంకా పైకొచ్చాయి. గ్లాసు అదే కదా, గాలీ అంతే కదా! మరి ఆక్సిజన్ ఎలా ఎక్కువైంది?" అంది.

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "నువ్వు సరిగ్గా చేసివుండవు. కూర్చో" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ పాప కూర్చుంది. ఆ ఏడాది మిగిలిన రోజుల్లో నన్ను మరొక ప్రశ్న అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో తెలిసింది, ఆ పిల్ల చేసింది సరైన పని అనీ, నేను చెప్పిందే తప్పనీ. అసలు సంగతి ఇదీ. దీపం వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచిస్తుంది. కొంత గాలి అంచు కిందనుంచి బుడగలుగా బయటికి పోతుంది. దీపం ఆరిపోయాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి తోస్తుంది. దీపం ఆక్సిజన్ వాడుకునే మాట నిజమే. కాని అంతా అయిపోకముందే ఆరిపోతుంది, దాని బదులు కార్బన్ డయాక్సైడు పుడుతుంది. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మూడు కొవ్వొత్తులు పెడితే వేడి ఎక్కువ, బయటికి పోయే గాలి ఎక్కువ, అందుకని ఎక్కే నీళ్లూ ఎక్కువే. శ్రద్ధగా చూస్తే దీపం వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు. ఆరిపోయాకనే గబగబా ఎక్కుతాయి. ఆ ఒక్క సంగతి నేను గమనించివుంటే చాలు, నా వివరణలో ఏదో లోపం వుందని తెలిసేది. గమనించలేదు. ముందే జవాబు తెలుసనుకున్నవాళ్లు గమనించరు మరి!

ఆనాటి నుంచి పిల్లల కోసం ఏ పని ఎంచుకున్నా నాలుగు గీటురాళ్ల మీద గీసి చూడటం అలవాటు చేసుకున్నాను. అవి మీకూ పనికొస్తాయి.

మొదటిది: చేసేది ఎవరు? టీచరు చేస్తే పిల్లలు చూడటం ప్రదర్శన అవుతుంది. అమ్మ చేస్తే పిల్లవాడు మోసుకెళ్లడం రవాణా అవుతుంది. పిల్లవాడి పది వేళ్లూ తడవాలి, మట్టి కావాలి, అప్పుడే అది వాడి పని.

రెండోది: ముందుగా ఊహ చెప్పే వీలుందా? 'ఏమవుతుందో చెప్పు' అని అడిగి, వాడి చేత ఒక మాట అనిపించి, అప్పుడు చేయించాలి. ఊహ తప్పితే మరీ మంచిది. తప్పిన ఊహే పిల్లవాణ్ణి ఆలోచనలో పడేస్తుంది.

మూడోది: ఏదైనా ఒకటి మార్చి మళ్లీ చెయ్యొచ్చా? ఆ పాప ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టినట్టు. ఒకసారి బుస్సుమని పొంగి అయిపోయే అగ్నిపర్వతం కంటే, పదిసార్లు పదిరకాలుగా చేసి చూసే పసుపు కాగితం మేలు.

నాలుగోది: వస్తువులు ప్రతి పిల్లకూ దొరుకుతాయా? ఒకే ఒక ఖరీదైన పెట్టె తెచ్చి బల్ల మీద పెడితే, ముందు బెంచీవాళ్లు ముట్టుకుంటారు, వెనక బెంచీవాళ్లు మెడలు సాచి చూస్తారు.

ఇప్పుడు ఈ గీటురాళ్లకు నిలిచే పనులు కొన్ని చెబుతాను. బళ్లోనూ చేయించవచ్చు, సెలవునాడు మీ డాబా మీదా చేయించవచ్చు.

ఒకటో రెండో తరగతి పిల్లలకు మునగడం, తేలడం చాలా ఇష్టం. టబ్బులో నీళ్లు పోసి నిమ్మకాయ, చింతగింజ, మేకు, స్టీలు చెంచా, స్టీలు గిన్నె పక్కన పెట్టండి. చెంచా మునుగుతుంది, అంతకంటే ఎంతో బరువైన గిన్నె తేలుతుంది! 'బరువైనవి మునుగుతాయి' అన్న పిల్లవాడు అక్కడ ఆగిపోతాడు. కమలాపండు తొక్కతో వేస్తే తేలుతుంది. ఒలిచి వేస్తే మునుగుతుంది. ఆ తొక్కలో గాలి వుండటమే కారణం. కాని వెంటనే చెప్పేయకండి. ఆనక నీళ్ల గ్లాసులో బంగాళాదుంప ముక్క వేయించండి, మునుగుతుంది. చెంచా చెంచా ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో పైకి తేలుతుంది. ఎన్నో చెంచాకు తేలిందో లెక్కపెట్టమంటే లెక్కలూ వచ్చేస్తాయి.

మూడో తరగతివాళ్లకు పెసలు ఇవ్వండి. నాలుగు గ్లాసుల్లో దూది పరిచి తలా పది గింజలు వేయించండి. మొదటి దాన్ని పొడిగా వదిలెయ్యాలి. రెండో దాన్ని తడిపి వెలుతురులో పెట్టాలి. మూడో దాన్లో గింజలు మునిగేదాకా నీళ్లు నింపాలి. నాలుగో దాన్ని తడిపి అలమారులో చీకట్లో పెట్టాలి. ఏవి మొలకెత్తుతాయని అడిగితే, 'వెలుతురు లేనిది మొలకెత్తదు' అని సగం తరగతి ఏకకంఠంతో చెబుతుంది. తీరా అయిదారు రోజులకు చూస్తే, చీకట్లోది కూడా మొలకెత్తడమే కాకుండా వెలుతురులోదాని కన్నా పొడుగ్గా సాగి, పాలిపోయి వుంటుంది. మొలకెత్తడానికి కావలసింది నీరు, గాలి, కాస్త వెచ్చదనం. పచ్చగా ఎదగడానికి కావలసింది వెలుతురు. నీళ్లలో మునిగినవి గాలి చాలక కుళ్లుతాయి. అయినా మనకిది కొత్తా? మొలకలు కట్టేటప్పుడు గుడ్డలో మూటగట్టి చీకట్లోనే కదా పెడతాం! అమ్మ రోజూ చేసే పనిలో పాఠం వుందని పిల్లవాడికి తెలిస్తే అమ్మ మీద గౌరవం కూడా పెరుగుతుంది.

కొలతల పాఠానికి పూలమ్మాయిని మించిన గురువు లేదు. మూర ఇంతని మనం బేరమాడతాం గాని, ఎవరి మూర? తరగతిలో అందరి చేతా ఒకే బల్లను మూరలతో, జానలతో, బెత్తెలతో కొలిపించండి. ఒకడికి నాలుగు మూరలొస్తే ఇంకొకడికి నాలుగున్నర వస్తుంది. 'నాది కరెక్టంటే నాది కరెక్టు' అని పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి. అందరికీ ఒకే కొలత ఎందుకు కావలసివచ్చిందో, మీటరు బద్ద ఎందుకు పుట్టిందో ఆ పోట్లాటలోంచే తెలుస్తుంది.

నాలుగు, అయిదు తరగతులకు నీడల పని చెప్పండి. డాబా మీద ఎండ తగిలేచోట ఒక కర్ర నిటారుగా నిలబెట్టి, పొద్దున తొమ్మిది నుంచి మూడింటి దాకా గంటగంటకూ నీడ కొసన సుద్దముక్కతో గీత పెట్టించండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఎప్పుడుంటుందని అడిగితే పన్నెండింటికి అంటారు. హైదరాబాదులో చూస్తే ఏడాది సగటున 12 గంటల 16 నిమిషాలకు. కాలాన్ని బట్టి ఓ పావుగంట అటూ ఇటూ అవుతుంది. మన గడియారాలన్నీ కాకినాడ దాపున పోయే 82½ డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి. హైదరాబాదు దానికి పడమరగా నాలుగు డిగ్రీల దూరంలో వుంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల ఆలస్యం. పిల్లల చేత హెచ్చవేత చేయించడానికి ఇంతకంటే మంచి లెక్క వుందా? ఇంకో చమత్కారం. ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకు నీడే వుండదు. హైదరాబాదులో అది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి వస్తుంది. మేలో సెలవులే కాబట్టి ఇంటిల్లిపాదీ చూడవచ్చు. అయితే పిల్లలను కర్ర నీడనే చూడమనండి, సూర్యుణ్ణి కాదు.

ఇక ఇంజనీరింగు. రాత్రి నానబెట్టిన బఠాణీలు గుప్పెడు, పళ్లు కుట్టుకునే పుల్లలు ఒక డబ్బా చాలు. బఠాణీలు కీళ్లు, పుల్లలు ఎముకలు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం చేసి వేళ్లతో నొక్కమనండి. చతురస్రం పక్కకు ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. చతురస్రానికి మూలమూలకూ అడ్డంగా ఒక పుల్ల తొడిగితే అదీ గట్టిపడుతుంది. ఎందుకంటే ఇప్పుడది రెండు త్రిభుజాలు. సాయంత్రం వీధిలోకి తీసుకెళితే కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో, రేకుల షెడ్ల కప్పుల్లో మీవాడు త్రిభుజాలు వెతుకుతూ నడుస్తాడు.

ఇలాంటి పనులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. అన్నిటికంటే ముందు మీ పిల్లల పాఠ్యపుస్తకమే తిరగేయండి. మూడు నుంచి అయిదో తరగతి దాకా వుండే 'పరిసరాల విజ్ఞానం' పుస్తకాల్లో చేసి చూడమనే పనులు బోలెడుంటాయి. దురదృష్టమేమిటంటే, వాటిని చేయించకుండా వాటికీ జవాబులు రాయించి బట్టీపట్టిస్తారు. అదే కొన్ని గైడ్లు చేసే ఉపకారం!

ఈ విద్యకు పెద్ద చరిత్రే వుందండీ. రెండో ప్రపంచయుద్ధంలో ఎన్నో దేశాల్లో బళ్లు కూలిపోయాయి, ప్రయోగశాలలు మట్టిలో కలిశాయి. పరికరాలు లేకుండా సైన్సు ఎలా చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు యునెస్కో ఒక చిన్న పుస్తకం వేసి, దాన్ని పెంచి 1956లో పెద్ద గ్రంథంగా అచ్చువేసింది. డబ్బాలు, సీసాలు, దారాలు, కొవ్వొత్తులతో చేసే ప్రయోగాలే అందులో నిండా వుంటాయి. అది ఎన్నో దేశాల టీచర్లకు చేతిపుస్తకమైంది.

మన దేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఒక ప్రయత్నం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని ప్రారంభించాయి. పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగం చెయ్యాలి, చూసింది సొంత మాటల్లో రాయాలి, కలిసి చర్చించాలి. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు. బట్టీపడితే వచ్చే ప్రశ్నలు కావు కాబట్టి పుస్తకం వున్నా ఫరవాలేదు! 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని అందుకుంది. ముప్ఫయ్యేళ్లు నడిచాక 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆపేసినా, అక్కడ పుట్టిన ఆలోచనలు మాత్రం దేశమంతా పాకాయి.

అరవింద్ గుప్తా అనే ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, లారీలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా వుండేవారు. 1978లో సెలవు పెట్టి ఆ హోషంగాబాద్ వెళ్లారు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలకు అగ్గిపుల్లలు గుచ్చి, త్రిభుజాలు, ఘనాలు, ఇళ్ల నమూనాలు చేయించారు. ఇందాక నేను చెప్పిన బఠాణీల పనికి ఇది అన్నయ్యలాంటిది. తర్వాత జీవితమంతా పాత కాగితాలతో, స్ట్రాలతో, పనికిరాని సీసాలతో బొమ్మలు చేయించడంలోనే గడిపారు. ఆయన పుస్తకాలు, చిన్న చిన్న వీడియోలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. 2018లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

మన దగ్గరా తక్కువేం లేదు. 1999లో మొదలై, చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర కేంద్రం పెట్టుకున్న అగస్త్య సంస్థవారు ప్రయోగ సామగ్రిని వాహనాల్లో పెట్టుకుని పల్లెటూరి బళ్లకు తీసుకెళుతున్నారు. జన విజ్ఞాన వేదికవారి 'చెకుముకి' పత్రిక తెలుగులో పిల్లల కోసం సైన్సు సంగతులు అందిస్తూ వచ్చింది. ఫోనులో వీడియోలూ కుప్పతెప్పలు. వాటి దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త! కొన్ని కత్తిరించి అతికించిన కనికట్లు. 'మన ఇంట్లో మన చేతులతో చేస్తే వస్తుందా?' అని ముందు మీరు చేసి చూడండి. రాకపోతే అది సైన్సు కాదు, సినిమా.

సరే, 'బళ్లో నలభైమంది పిల్లలు, ఒక్క టీచరు, ముప్ఫై అయిదు నిమిషాల పీరియడు. ఎలా కుదురుతుంది?' అంటారు. నిజమే. ఆ కష్టం నాకు తెలుసు. నలుగురేసి చొప్పున పది గుంపులు చేసి, గుంపుకొక గిన్నె ఇస్తే కుదురుతుంది. గొడవ అవుతుంది. హెడ్‌మాస్టరుగారు ఒకసారి తొంగిచూస్తారు. కానివ్వండి, పని జరిగేచోట చప్పుడుంటుంది. వంటింట్లో లేదూ?

అయితే ఒక్క సంగతి చూసుకోవాలి. గుంపుల్లో మగపిల్లలు గిన్నెలు లాక్కుంటారు, ఆడపిల్లలు దస్తూరి బాగుంటుందని పుస్తకంలో రాస్తూ కూర్చుంటారు. నేను చాలా ఏళ్లు ఇది గమనించలేదు. గమనించాక వంతులు పెట్టాను. ఈవేళ ముంచినవాళ్లు రేపు రాయాలి, రాసినవాళ్లు ముంచాలి. ఇంట్లోనూ అంతే. ఫ్యూజు సంగతి అబ్బాయికీ పోపు సంగతి అమ్మాయికీ అని పంచకండి. ఇద్దరికీ రెండూ తెలియాలి.

తల్లులుగా మనం చేయగలిగిన సాయం కూడా వుంది. పేరెంట్ల మీటింగుకు వెళ్లినప్పుడు "మా వాడికి ఎన్ని మార్కులు?" అని ఒక్కటే అడగకుండా, "ఈ నెల వాడు తన చేత్తో ఏం చేశాడండీ?" అని అడగండి. నిష్ఠూరంగా కాదు, స్నేహంగా. "బఠాణీలు నేను నానబెట్టి పంపుతాను", "ఖాళీ సీసాలు మా అపార్టుమెంటులో పోగుచేసి తెస్తాం" అనండి. ఏ టీచరమ్మ కాదంటుంది? నలుగురు తల్లులు కలిస్తే నెలకొక శనివారం ఒక పని జరిపించవచ్చు. ఇంట్లో చేయించే ప్రాజెక్టులకు మార్కులు తగ్గించి, తరగతిలో చేసేవాటికి ఇవ్వమని కూడా అడగవచ్చు. సగం థర్మోకోలు పర్వతాలు ఆ దెబ్బతో కూలిపోతాయి!

జాగ్రత్తలు కొన్ని చెప్పకుండా ముగించకూడదు. అగ్గి వెలిగించేది ఎప్పుడూ పెద్దవాళ్లే కావాలి. పక్కన నీళ్ల బకెట్టు వుండాలి. గోడ ప్లగ్గులతో ఏ ప్రయోగమూ వద్దు, టార్చి బ్యాటరీ చాలు. బిళ్లల్లాంటి చిన్న బ్యాటరీలు చంటిపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, అది మీ చేత్తోనే కలపండి. బాత్‌రూములు కడిగే యాసిడ్, బ్లీచింగు ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. పెసలు, బఠాణీలు ముక్కుల్లో పెట్టుకునే వయసువాళ్లుంటే వాళ్ల మీద ఒక కన్నేసి వుంచండి. ప్రయోగంలో వాడింది ఏదీ నోట్లో పెట్టుకోకూడదని మొదటిరోజే చెప్పండి.

చివరిగా ఒక్క మాట. పిల్లవాడు చేసింది పుస్తకంలో చెప్పినట్టు రాలేదనుకోండి. మొలక రాలేదు, రంగు మారలేదు, నీళ్లు మరీ పైకెక్కాయి. అప్పుడు మన నోటి చివర సిద్ధంగా వుండే మాట 'నువ్వు సరిగ్గా చెయ్యలేదు' అన్నది. ఆ మాట నేను అన్నాను. ఆ నూనె జడల పిల్ల ఇప్పుడెక్కడుందో, ఏం చదివిందో నాకు తెలియదు. ఎదురైతే చెప్పాల్సిన మాట మాత్రం ఒకటి దాచుకుని వున్నాను. "నువ్వు చేసింది సరిగ్గానే వుందమ్మా. నాకే తెలియలేదు" అని.

మీ పాపో బాబో అలాంటి ప్రశ్నతో వంటింటి గుమ్మంలో నిలబడితే, చేతిలో గరిటె వున్నా సరే, ఒక్క క్షణం ఆగండి. జవాబు తెలియకపోతే "నాకూ తెలీదురా, ఏదీ ఇంకోసారి చేసి చూద్దాం పద" అనండి. పొయ్యి మీది కూర కాస్త మాడితే మాడింది, సాయంత్రం మళ్లీ వండుకోవచ్చు.